ఎత్తి ఉండేదాన్ని

తిరుచానూరు,
8 జనవరి 2025.

మునిలక్ష్మి అత్తకు జాహ్నవి నమస్కారాలు.

అత్తా, ఒంట్లో ఎలా ఉంది? మోకాళ్ళ నొప్పికి చిత్తూరు డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా, లేక డబ్బాలో దాచి పూజ చేస్తున్నావా? ఈ రోజుల్లో ఉత్తరాలు రాసే మేనకోడలు జిల్లా మొత్తం మీద నీకొక్కదానికే ఉండి ఉంటుంది. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. ఏం చేయను మరి? గిరి బావ పోయినప్పటి నుంచి నువ్వు ఎవరి ఫోనూ ఎత్తవు. నాయన సత్యవేడు నుంచి చేసినా ఎత్తవట. "మా అక్కతో మాట్లాడాలంటే బస్సెక్కాల్సిందే" అంటున్నాడు.

నేను ఇంకా లాడ్జి రిసెప్షన్‌లోనే ఉన్నాను. సాయంత్రాలు ఫ్రెంచి క్లాసుకు పోతున్నాను. టీచరు పేరు వకుళాదేవి, పుదుచ్చేరిలో చాలా ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైన ఆవిడ. మార్చిలో పరీక్ష పాసైతే పుదుచ్చేరిలో ఒక హోటల్లో ఉద్యోగం ఇస్తామన్నారు.

ఇప్పుడు మాకు జరుగుతున్న పాఠం వింతగా ఉంది. జరిగి ఉండాల్సినవీ, జరగకుండా పోయినవీ చెప్పడానికి ఫ్రెంచి వాళ్ళు క్రియకు విడిగా ఒక రూపం పెట్టుకున్నారు. మనం "చేసి ఉండేదాన్ని", "వచ్చి ఉండేవాడు" అంటాం చూడు, అదే. ముందు ఒక సహాయక్రియ పెట్టాలి, దాన్ని "అయితే గియితే" అనే అర్థం వచ్చేలా మార్చాలి, ఆ వెనక అసలు క్రియను అయిపోయిన పనిగా చెప్పాలి. సహాయక్రియలు రెండే. తినడం, చూడడం, ఎత్తడం లాంటి మాటలకు ఒకటి. రావడం, పోవడం, పుట్టడం, చావడం లాంటి వాటికి ఇంకొకటి.

సొంత జీవితంలోంచి పది వాక్యాలు రాసుకు రమ్మన్నారు టీచరు. నాకు ఒక్కటీ తోచలేదు. నువ్వు కొన్ని రాసి పంపించవా? నువ్వు తెలుగులో రాయి, నేను ఫ్రెంచిలోకి మార్చుకుంటాను. ఏవో చిన్న చిన్నవి చాలు. "వాన పడి ఉంటే చెరుకు బాగా పెరిగి ఉండేది" లాంటివి.

నీ కోడలు,
జాహ్నవి.


ఐరాల,
18 జనవరి 2025.

చిరంజీవి జాహ్నవికి అత్త దీవెనలు.

నీ జాబు అందినాది. పోస్టాయన వాకిట్లో నిలబడి "మునిలక్ష్మమ్మా, ఉత్తరం!" అని ఒక్క కేక పెట్టేసరికి వీధి వీధంతా తలలు బయట పెట్టినారు. అది కోర్టు కాగితమేమో అని ఎదురింటి గంగులమ్మ అప్పుడే కొంగు కళ్ళకి ఒత్తుకొన్నాది. మా కోడలు ఫ్రెంచి పాఠం రాసినాదిలే అంటే ఎవురూ నమ్మలేదు.

చిన్నవి రాయమంటివి. నా దగ్గర చిన్నవి లేవమ్మా. అయినా అడిగినావు గదా, రాస్తా. ఇన్నాళ్ళూ ఎవురూ అడగలేదు.

మొదటిది: ఫోన్ మోగినప్పుడు నేను ఎత్తి ఉండేదాన్ని.

మూడేండ్ల కింద ఆ శుక్రవారం ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. బెల్లం పెనంలో చెరుకు రసం చిక్కబడి పాకానికి వచ్చే వేళ. మీ మామ పోయినాక పాకం చూసేది నేనే గదా. ఆ వేళకి పెనం మీదినుంచి చూపు తిప్పకూడదు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే మాడిపోతాది. అందుకే నా ఫోన్ షెడ్డు గుంజకి సంచిలో తగిలించి పెట్టేది. సాయంత్రం ఐదుంపావుకి మోగినాది. పొయ్యిలోకి పిప్పి తోసే కుప్పయ్య చూసి, "అక్కా, గిరిబాబు పిలస్తా ఉండాడు" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "ఉండనీ" అన్నాను. మళ్ళీ మోగినాది. మళ్ళీ. ఏడుసార్లు. ఐదున్నర దాకా. పాకం దించి, చేతులు కడుక్కొని, నేను తిరిగి చేసేసరికి స్విచ్ఛాఫ్. అదే యాళకి కాణిపాకం రోడ్డు మలుపులో లారీ గుద్ది నా బిడ్డ పడుండినాడు.

రోడ్డు మీద పడి, అమ్మా అని ఏడుసార్లు పిలిచినాడు జాహ్నవీ. అమ్మ "ఉండనీ" అన్నాది.

ఇంకొకటి రాసుకో: నేను ఎత్తి ఉంటే, వాడు వచ్చి ఉండేవాడు.

రాకపోకలకీ పుట్టుకచావులకీ ఒకే తీరు పెట్టినారంటివే, ఆ భాషోళ్ళకి బుద్ధుండాది. నాకు ఇప్పుడు కూడా రసం పొంగే చప్పుడులో రింగు వినపడతాది. కుప్పయ్యని అడిగితే "ఏం లేదక్కా" అంటాడు. ప్రతి శుక్రవారం ఐదుంపావుకి వాడి నంబరుకి నేనే చేస్తా. స్విచ్ఛాఫ్ అంటాది. రీచార్జి చేయించకపోతే ఆ నంబరు ఇంకెవురికో ఇచ్చేస్తారంట, అందుకని చేయిస్తా ఉండాను. పిచ్చిదనుకో, ఏమన్నా అనుకో.

మాత్రలు వేసుకొంటా ఉండాలే.

నీ అత్త,
మునిలక్ష్మి.


తిరుచానూరు,
29 జనవరి 2025.

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నీలాంటి మనిషి తనను తాను అలా కోసుకోవడం నేను చూడలేను. నువ్వు ఎత్తి ఉన్నా ఏమీ మారి ఉండేది కాదేమో అత్తా. నాకెందుకో అలా అనిపిస్తుంది.

వాక్యాలు ఫ్రెంచిలోకి మార్చి టీచరుకు చూపించాను. "ఎత్తి ఉండేదాన్ని" అనేది "జొరే దెక్రొషే". "వాడు వచ్చి ఉండేవాడు" అనేది "ఇల్ సరే వెన్యూ". వకుళాదేవిగారు ఎర్ర పెన్ను పట్టుకుని రెండుసార్లు చదివారు. ఎక్కడా గీత పెట్టలేదు. "ఎవరి వాక్యాలమ్మా ఇవి?" అని మాత్రం అడిగారు. మా అత్తవి అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చిచ్చారు.

నిన్న ఇంకో సంగతి చెప్పారు. ఇదే రూపాన్ని వాళ్ళ వార్తాపత్రికల్లో ఇంకో పనికి కూడా వాడతారట. నిజమో కాదో ఇంకా తేలనప్పుడు, "ఫలానా ఆయన ఈ పని చేశాడట" అనడానికి. జరగనిదానికీ, జరిగిందని జనం అనుకునేదానికీ ఒకటే రూపం. అది విన్నాక నాకు ఇంటికి పోయి అన్నం తినాలనిపించలేదు.

అత్తా, నువ్వు కొంచెం మామూలు వాక్యాలు పంపించు. వానవీ చెరుకువీ. నీకు దండం పెడతాను.

నీ కోడలు,
జాహ్నవి.


ఐరాల,
9 ఫిబ్రవరి 2025.

జాహ్నవీ,

దీవెనలు. వానా చెరుకూ తర్వాత. ముందు ఇది విను.

మొన్న శుక్రవారం ఐదుంపావుకి ఎప్పటి మాదిరే వాడి నంబరుకి చేసినా. మోగినాది! మూడేండ్లు స్విచ్ఛాఫ్ అని చెప్పిన ఫోన్ రింగైనాది! గిరీ, గిరీ అని అరిచినా. ఎవురూ ఎత్తలేదు. ఆగేదాకా విన్నా. మళ్ళీ చేస్తే మళ్ళీ స్విచ్ఛాఫ్. గంగులమ్మ వచ్చి ముఖాన నీళ్ళు చల్లినాది.

దయ్యమని నేను అనుకోను. దయ్యాలు ఫోన్‌కి చార్జి పెట్టుకోవు. ఆ ఫోన్ ఎవురి దగ్గరో ఉండాది. ఎవురి దగ్గరంటావా? మలుపు కాడ పంచర్ షాపు గురప్ప. ముందుగా గిరి దగ్గరికి పోయింది వాడే. "ఐదున్నరకి పోయినా, అప్పటికే ఊపిరి లేదు, జేబులో ఫోన్ లేదు" అని ఆ పొద్దు చెప్పినాడు. ఐదున్నర దాకా నా బిడ్డ నాకు ఫోన్ చేస్తా ఉంటే ఊపిరి లేకపోవడం ఏంది? ఫోన్ లేకపోవడం ఏంది? ప్రాణముండంగానే చేతిలోంచి లాక్కొన్నాడు. అందుకే ఏడుతో ఆగిపోయినాది, లేకపోతే ఎనిమిదో పిలుపు వచ్చి ఉండేది. ఎనిమిదోది నేను ఎత్తి ఉండేదాన్ని.

నీ పేపరు వాక్యం కూడా ఒకటి రాసుకో. గురప్ప ఫోన్ తీసినాడంట. రాసి పంపించు, ఫ్రెంచిలో ఎట్లుంటాదో చూస్తా.

నిన్న పెద్దమనుషుల్ని పిలిపించినా. గురప్పని కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నా. కోనేట్లో మునిగి, తడి బట్టలతో వినాయకుని ముందర నిలబడి, "నేను తియ్యలేదు" అని చెప్పాల. ఆ సామి ముందర అబద్ధం చెప్పి ఎవురూ బాగుపడలేదు. గురప్ప ముఖం నల్లగా అయిపోయినాది. అయినా "వస్తా" అన్నాడు. ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం పొద్దున. ఈలోపల వాడి షాపుకి మా వీధిలోవాళ్ళు ఎవురూ బండి తీసకపోవడం లేదు. పోనీ. నాకు జాలి లేదు.

మునిలక్ష్మి.


తిరుచానూరు,
13 ఫిబ్రవరి 2025.

అత్తకు నమస్కారాలు.

అత్తా, తొందరపడొద్దు. ఫోన్ మోగినంత మాత్రాన గురప్ప దగ్గర ఉందని ఎలా అంటావు? ఆయన చెప్పింది నిజమే కావచ్చు. పెళ్ళాం పిల్లలున్నవాడు. ప్రమాణానికి పిలిచారంటేనే ఊళ్ళో సగం పరువు పోతుంది, తర్వాత తప్పు లేదని తేలినా అది తిరిగి రాదు. నా మాట విని దాన్ని కొన్నాళ్ళు వాయిదా వేయించు. నేను నెలాఖరుకు సెలవు పెట్టి వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం.

ఆ పేపరు వాక్యం నేను రాయలేకపోయాను.

జాహ్నవి.


ఐరాల,
16 ఫిబ్రవరి 2025.

జాహ్నవికి,

గురప్ప నీకు ఏమవుతాడే? సొంత మేనత్త కడుపుకోత కనపడలేదు గానీ పంచర్ షాపోడి పరువు కనపడినాదా? వాయిదా ఏమి వాయిదా? మూడేండ్లు వాయిదా వేసినాను గదా!

ఒకటి చెప్తా, విను. గిరి నిన్ను చేసుకోవాలని అనుకొన్నాడు. నాకు చెప్పలేదు, కానీ తల్లికి తెలీదా? వాడు బతికి ఉంటే ఈపొద్దు నువ్వు ఈ ఇంటి కోడలివి. వాడి పక్క నిలబడాల్సినదానివి, అవతలోళ్ళ పక్క నిలబడినావు. నీ ఫ్రెంచి నీకే ఉండనీ. ఇంక నన్ను వాక్యాలు అడగద్దు.

శుక్రవారం మార్పు లేదు.


తిరుచానూరు,
20 ఫిబ్రవరి 2025, గురువారం.

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు మొదటి బస్సుకు కాణిపాకం వస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం లేదు. నీ చేతికి ఇస్తాను. గురప్ప నోరు తెరవకముందే నువ్వు ఇది చదవాలి.

బావ ఫోన్ నా దగ్గర ఉంది. మొదటి నుంచీ నా దగ్గరే ఉంది.

ఆ రోజు వాడు నీతో చిత్తూరు బెల్లం మండీకని చెప్పి తిరుచానూరు వచ్చాడు. లాడ్జి కౌంటరు ముందు నిలబడి, పెళ్ళి చేసుకుందామన్నాడు. ఫ్రెంచి చదివి పుదుచ్చేరి పోతానన్నాను. ఫ్రెంచి ఐరాలలో కూడా చదువుకోవచ్చు అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తప్పు. "బెల్లం పొగలో బతకడం నా వల్ల కాదు బావా" అన్నాను. వెంటనే బండెక్కి పోయాడు. అప్పుడు మూడున్నర. ఫోన్ కౌంటరు మీదే మరిచిపోయాడు.

ఐదింటికి నాకు భయం పట్టుకుంది. కోపంలో బండి ఎలా నడుపుతున్నాడో, ఇల్లు చేరాడో లేదో అని. నా ఫోన్లో చార్జి లేదు. వాడి ఫోన్ తెరిచే అంకెలు నాకు తెలుసు. అందులోంచి నీకు చేశాను. ఇంకొకటి కూడా చెప్పాలి. పాకం వేళని నాకు తెలుసు. నా పేరు కనిపిస్తే ఎత్తవు, వాడి పేరు కనిపిస్తే ఎత్తుతావు అనుకున్నాను. ఏడుసార్లు చేసింది నేను అత్తా. ఏడోదానితో వాడి ఫోన్లో కూడా చార్జి అయిపోయింది.

వాడు రోడ్డు మీద పడి నిన్ను పిలవలేదు. వాడి జేబులో ఫోనే లేదు. గురప్ప చెప్పిన ప్రతి మాటా నిజం.

ఆ రాత్రే చెబుదామని వచ్చాను. నువ్వు గుండెలు బాదుకుంటూ, "ఏడుసార్లు పిలిచినాడే నా తండ్రి" అని అందరికీ చెబుతున్నావు. తిరుచానూరు ఎందుకు వచ్చాడు, ఏం జరిగింది అని అడుగుతారు కదా. చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. మరునాడు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు.

టీచరు వాక్యాలు రాయమంటే నాకేమీ తోచలేదని నీకు రాశాను. అబద్ధం. నా దగ్గర ఒకటి ఉంది. "ఒక కప్పు టీ తాగి పో బావా" అని నేను అని ఉంటే, ఐదు నిమిషాలు ఆలస్యమై ఉండేది, మలుపులో ఆ లారీ దాటిపోయి ఉండేది.

"ఉండనీ" అన్నానని నువ్వు రాసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ప్రతి శుక్రవారం నువ్వు చేస్తావని తెలిశాక, ఫిబ్రవరి ఏడున పెట్టెలోంచి ఆ ఫోన్ తీసి చార్జి పెట్టాను. మోగితే ఎత్తి, అంతా చెప్పేద్దామనుకున్నాను. ఐదుంపావుకి మోగింది. తెర మీద "అమ్మ" అని వెలిగింది. అత్తా, ఆగేదాకా చూస్తూ కూర్చుని, తర్వాత ఆఫ్ చేశాను. జొరే దెక్రొషే. ఎత్తి ఉండేదాన్ని. నేనూ ఎత్తలేదు.

ఈ కవరులో ఫోన్ కూడా పెడుతున్నాను. నన్ను ఏమన్నా అను. గురప్పను మాత్రం ఆపు.

జాహ్నవి.


ఐరాల,
12 మార్చి 2025.

జాహ్నవికి,

ఇరవై రోజులు పట్టినాది నాకు పెన్ను పట్టుకోడానికి. ఉత్తరం నా చేతిలో పెట్టి, పూలంగళ్ళ వెనకాల నిలబడి చూస్తా ఉండి, తర్వాత చెప్పకుండా బస్సెక్కినావు. ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాల గదా.

గురప్ప అప్పటికే కోనేట్లో మునిగి వచ్చినాడు. తడి పంచె, చలికి వణకతా ఉండాడు. పెద్దమనుషులు "కానీ" అన్నారు. నేను "ఆగండి" అని, నిలబడే చదివినా. చదివి చదివి కూలబడిపోయినా. గురప్ప కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగినాడు. "లే అక్కా, పెద్దదానివి" అన్నాడు. నా కొంగుతో వాడి తల తుడిచినా. అందరి ముందరా ఫోన్ చూపించి, తప్పు నాదని చెప్పినా. నీ పేరు చెప్పలేదు. నిన్ను కాపాడాలని కాదు. నోరు రాలేదు, అంతే.

అప్పుడు గురప్ప ఒక మాటన్నాడు. "అక్కా, మూడేండ్లుగా ఫోన్ యాడ అనే అడిగితివి. పిల్లోడు ఎట్ల ఉన్నాడని నన్ను ఎప్పుడూ అడగలేదు." నిజమే కదమ్మా! అడిగినా. వాడి తుండు గిరి తలకింద పెట్టినాడంట. కళ్ళు మూసినది వాడేనంట. ముఖం మీద ఒక గీత కూడా లేదంట, నిద్రపోయినట్టే ఉండిందంట. అంబులెన్సు వచ్చేదాకా ఎండ పడకుండా అడ్డం నిలబడినాడంట. అట్లాంటి మనిషిని నేను కోనేట్లో ముంచినా. మరునాడే పొయ్యి రాజేసి మొదటి పెనం బెల్లం వాడి ఇంటికి నేనే మోసకపోయినా. ఇప్పుడు వీధి మొత్తం బండ్లు వాడి దగ్గరికే పోతా ఉండాయి, పోయేటట్టు నేను చేసినా.

ఇంక నీ సంగతి.

నీ మీద నాకు కోపం పోలేదు. పోతాదని కూడా అనుకోవద్దు. నవ్వినందుకు కాదు. పెళ్ళి వద్దనడం నీ ఇష్టం, పొగలో బతకలేననడం నిజమే, నేనే బతకలేక బతకతా ఉండాను. మూడేండ్లు నన్ను ఆ "ఉండనీ" కింద పడేసి, పక్కనుంచి చూసినావు చూడు, దానికి.

ఇంకొకటి కూడా చెప్పాల. నువ్వు నిజం చెప్పి నా పాపం తీసేస్తి. దాంతో ఇంకొకటి కూడా తీసకపోతివి. చివరి గడియలో నా బిడ్డ నన్నే తలుచుకొన్నాడు, ఏడుసార్లు తలుచుకొన్నాడు అని ఏడస్తా ఏడస్తానే బతికినా. ఆ ఏడ్పులో వాడుండినాడు. ఇప్పుడు షెడ్డులో పెనం పొంగితే చప్పుడు చప్పుడే. రింగు వినపడదు. చెవులు రిక్కించి వింటా ఉండాను, వినపడదు. ఇల్లు ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు జాహ్నవీ.

వాడి పేరు చూస్తే నేను ఎత్తుతానని అనుకొన్నావు కదా. వాడి పేరుకీ ఎత్తలేదే నేను! నీ పేరైతే ఒకటి, వాడి పేరైతే ఇంకొకటి అని నాకు లేదమ్మా. ఆ యాళకి మీ ఇద్దరికన్నా నాకు పాకమే ముందు. అది తెలుసుకోడానికి నాకు మూడేండ్లు పట్టినాది.

నీ టీచరమ్మకి ఈ వాక్యం చూపించు: నేను ఎత్తి ఉన్నా, వాడు వచ్చి ఉండేవాడు కాదు. తప్పుంటే దిద్దమను. పరీక్ష బాగా రాయి. పాసైతే పుదుచ్చేరి పో, నన్ను చూసి ఆగద్దు.

వాడి నంబరుకి రీచార్జి ఆపేసినా. శుక్రవారం ఐదుంపావు అయితే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతాది, దాన్ని ఏం చెయ్యాలో తెలీడం లేదు. ఈ జాబు అందినాక వచ్చే శుక్రవారం ఆ యాళకి నువ్వు చెయ్యి. నీ ఫోన్ నుంచి, నీ పేరుతో. పొయ్యి మీద పెనం ఉండదు, కుప్పయ్యకి చెప్పేసినా. ఎత్తుతానో లేదో నాకే తెలీదు. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యి.

ఏడుసార్లు దాకా చెయ్యి.

మీ అత్త.